బావ తెచ్చే ప్రెస్ వద్దు తమ్ముడూ, ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టు

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర ఒక పల్లె. నాకు 23 ఏళ్లు. మా నాన్న పేరు మీద .315 రైఫిల్ ఉంది, లైసెన్స్ ఉంది. తూటాలు కొనాలంటే హైదరాబాద్ పోవాలి, ఆ ధరకు ప్రాక్టీస్ చేయడానికి చేతులు రావు. టెక్సాస్‌లో ఉండే మా బావ తన గ్యారేజీలో తూటాలు తానే నింపుకుంటాడు. దసరాకు వచ్చేటప్పుడు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు సరిపోయే ప్రెస్సు (తూటా బిగించే చేతి యంత్రం), డైలు (దాంట్లో పెట్టే అచ్చులు), మందు తూచే తూకం తెస్తానంటున్నాడు. ఏ సెట్ తెమ్మని చెప్పాలి? బాగా గురి నేర్చుకుని పోటీలకు పోవాలని నా కోరిక.

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఈరోజే బావకు ఫోన్ చేసి ఆ సామాను తేవద్దని చెప్పు. ఆ పని అయ్యాక మిగతాది తీరిగ్గా చదువు.

నాన్న దగ్గరున్న లైసెన్స్ పుస్తకం తీసి చూడు. తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి, తూటాలు కొనుక్కోవడానికి అనుమతి ఉంటుంది. ఒకేసారి ఎన్ని, ఏడాదికి ఎన్ని అనేది కూడా రాసి ఉంటుంది. తయారు చేసుకోవడానికి అనుమతి అందులో ఉండదు. 1959 ఆయుధాల చట్టంలో తూటా తయారీకి వేరే లైసెన్స్ కావాలని 5వ సెక్షన్ చెబుతుంది. ఖాళీ ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ (మందుకు నిప్పు రాజేసే చిన్న మూత) పెట్టి, మందు పోసి, గుండు బిగించడం కూడా తయారీయే. 'ప్రెస్ అంటే ఉత్త ఇనుప ముక్కే కదా, దాంట్లో మందు లేదు కదా' అని బావ అనవచ్చు. అదే చట్టం 2వ సెక్షన్‌లో మందుగుండు అంటే ఏమిటో రాస్తూ, తూటాల విడిభాగాలను, వాటిని తయారు చేసే యంత్రాలను కూడా అందులోనే కలిపారు. అంటే ఆ ఇనుప ముక్క కూడా చట్టం కంటికి మందుగుండే. దాన్ని బయటి దేశం నుంచి తేవడానికి 10వ సెక్షన్ కింద ఇంకో లైసెన్స్ కావాలి. 2019లో చట్టం మార్చాక, అనుమతి లేకుండా తయారు చేస్తే శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. పండక్కి వచ్చిన మనిషిని ఎయిర్‌పోర్టులో ఆపితే ఇంట్లో అమ్మానాన్నలు ఏమైపోతారో ఒక్కసారి ఆలోచించు.

ఇంకో రెండు సంగతులు నువ్వు అడగలేదు, కానీ మీ ఊరు అచ్చంపేట దగ్గర అన్నావు కాబట్టి చెబుతున్నాను. లైసెన్స్ నాన్నది. ఆయన లేకుండా రైఫిల్ భుజాన వేసుకుని చేనుకు పోవడానికి అది నీకు పనికిరాదు. రెండోది, మీకు ఆనుకునే అమ్రాబాద్ అడవి ఉంది, అది పులుల అభయారణ్యం. వన్యప్రాణి రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం లోపల, లేదా దానికి 10 కిలోమీటర్ల లోపు ఉండే తుపాకీ లైసెన్స్‌దారులు తమ పేరు అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. తాతల కాలం నాటి తుపాకీ ఉన్న చాలా ఇళ్లలో ఈ సంగతే తెలియదు. నాన్న పేరు నమోదై ఉందో లేదో అచ్చంపేట అటవీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. వేరుశనగ చేలో అడవి పందులు పడుతున్నాయని ఆ రైఫిల్ బయటికి తీసే ఆలోచన ఏదైనా ఉంటే, అది కూడా ముందు ఆ ఆఫీసులోనే మాట్లాడాలి.

మీ బావ తప్పు చేస్తున్నాడని నేను అనడం లేదు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న పని, ఓపికతో చేసే మంచి విద్య. బల్లకు బిగించిన ప్రెస్సు, తూటా సైజుకు తగిన డైలు, మందు తూచే తూకం, పొడవు కొలిచే క్యాలిపర్, పక్కన తెరిచి పెట్టుకున్న మాన్యువల్. ఆ తూకం గ్రెయిన్లలో చూపిస్తుంది. 15 గ్రెయిన్లు కలిస్తే ఇంచుమించు ఒక గ్రాము. గ్రెయిన్‌లో పదో వంతు తేడా కూడా పట్టాలి. ఎందుకంటే .308 లాంటి తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా పోవచ్చు. మన కారు టైరులో ఉండేది 30, 32. తూటా పేలే ఆ ఛాంబర్‌కు దగ్గరగా ఆనించే చెంప మనదే కదా. ఒక కేసులో పొరపాటున మందు రెండుసార్లు పడితే తుపాకీ పగులుతుంది, కన్ను పోతుంది. అక్కడ నేర్పేవాళ్లు ఉన్నారు, మందు కొన్న షాపులో అడగవచ్చు, మాన్యువల్ ప్రకారం సామాను దొరుకుతుంది. ఇక్కడ నీ పక్కన ఎవరూ ఉండరు. మందు, ప్రైమర్లు విమానంలో తేవడానికి ఎలాగూ వీల్లేదు. మరి ప్రెస్సులో ఏం నింపుతావు? దొంగ మందు వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ దారిలో నువ్వు అడుగు పెట్టకూడదనే నా బాధంతా.

ఇప్పుడు నీ అసలు కోరిక దగ్గరికి వస్తాను. పోటీలకు పోవాలన్నావు. మన దేశంలో రైఫిల్ పోటీ నేర్చుకునేవాడికి మొదటి మెట్టు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే మందు లేకుండా గాలి ఒత్తిడితో 10 మీటర్ల దూరంలోని గురికి కొట్టేది. దాని తర్వాత 50 మీటర్లలో .22 అనే సన్న తూటా రైఫిల్. ఆ .22 తూటాకు నిప్పు రాజేసే మందు కేసు అంచు మడతలోనే ఉంటుంది, కాబట్టి దాన్ని మళ్లీ నింపడమే కుదరదు. అంటే నువ్వు పోవాలనుకున్న దారిలో ప్రెస్సుకు పనే లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ వాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ దాంట్లోనే. 2022లో బధిరుల ఒలింపిక్స్‌లో మన తెలంగాణ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ బంగారం కొట్టిందీ ఎయిర్ రైఫిల్‌తోనే.

మహబూబ్‌నగర్‌లో నేను పిల్లలకు నేర్పేది కూడా ఇదే. పాత రేకుల షెడ్డు, 10 మీటర్ల పొడవు, నలుగురు నిలబడి కాల్చేంత చోటు. నీలాగే చాలామంది మొదట పెద్ద తుపాకీ గురించే అడుగుతారు. వాళ్లకు ముందు టార్గెట్ కాగితం చేతిలో పెడతాను. మొత్తం వృత్తం 45.5 మిల్లీమీటర్లు, మన అరచేతిలో పడుతుంది. పదో నంబరు అంటే వృత్తం కూడా కాదు, అర మిల్లీమీటరు చుక్క. పెన్ను మొనతో ఒకసారి పొడిచినంత. 10 మీటర్ల దూరం నుంచి అది కంటికి కనిపించదు. నల్లటి గుండ్రం ఒక్కటే కనిపిస్తుంది, దాన్ని గురి చూసే సైట్ రింగులో సరిగ్గా మధ్యకు తెచ్చి, కదలకుండా నిలబెట్టి, ట్రిగ్గర్ నొక్కాలి. పోటీలో ఇలా 60 సార్లు చేయాలి, 75 నిమిషాల్లో. ఒక్కో గుండుకు ఎక్కువలో ఎక్కువ 10.9 మార్కులు, అన్నీ అలాగే పడితే 654. ఆ చుక్క చూశాక పెద్ద తుపాకీ ఊసు ఎవరూ ఎత్తరు.

ఇక ఏం కొనాలి అన్నది. ముందు చట్టం సంగతి: బారు (గొట్టం) లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లకు, గుండు విసిరే శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదని 2016 ఆయుధ నిబంధనలు చెబుతున్నాయి. పోటీ రైఫిల్ పెల్లెట్ (చిన్న సీసం గుండు) బరువు 0.53 గ్రాములు, వేగం సెకనుకు 170 మీటర్లకు అటూఇటూ. లెక్క వేస్తే 8 జౌళ్లు కూడా దాటదు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా కాగితం ఇవ్వు, బిల్లు జాగ్రత్తగా దాచుకో. 'దీనికి పవర్ ఎక్కువ' అని షాపులో చెబితే ఆ మాటకు పడిపోవద్దు. మనకు కావలసింది పవర్ కాదు. 20 జౌళ్లు దాటితే దానికి లైసెన్స్ కావాలి, లేకపోతే నేరం.

షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి బారును కిందికి వంచి స్ప్రింగ్ బిగించేది. ధర తక్కువ, గాలి నింపే బెడద లేదు. కానీ ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, పెల్లెట్ బారు దాటకముందే రైఫిల్ ఊగుతుంది. తప్పు నీదో రైఫిల్‌దో తెలియదు. రెండోది ముందే సిలిండర్‌లో గాలి నింపి పెట్టుకునేది, పీసీపీ అంటారు. కాల్చినప్పుడు దాదాపు కదలదు. గుండు ఎక్కడ పడిందో, నువ్వు ఎక్కడ తప్పావో నిజం చెబుతుంది. పోటీకి పోవాలనుకుంటే ఎప్పటికైనా ఇదే. జర్మనీ నుంచి వచ్చే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ లాంటి పోటీ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి, నీకు ఇప్పుడు అవి వద్దు. మన దేశంలో ప్రెసిహోల్ లాంటి కంపెనీలు చేసేవి వాటికంటే చాలా తక్కువకు వస్తాయి, మొదటి రెండు మూడేళ్లకు చాలు. డబ్బు చాలకపోతే స్ప్రింగ్ రైఫిల్‌తోనైనా మొదలుపెట్టు. స్కూల్ పోటీల్లో ఓపెన్ సైట్ (గాడిలోంచి గురి చూసేది), పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) అని వేరువేరు విభాగాలు పెడతారు. ఓపెన్ సైట్‌తో మొదలుపెట్టి పైకి వచ్చిన పిల్లలు నా దగ్గరే ఉన్నారు. స్ప్రింగ్ రైఫిల్‌ను మాత్రం పెల్లెట్ లేకుండా ఎప్పుడూ కాల్చవద్దు, ఆపే గాలి లేక పిస్టన్ నేరుగా పోయి గుద్దుకుని పాడవుతుంది.

వాడిన పీసీపీ దొరికితే సంతోషమే. కానీ రైఫిల్ కంటే ముందు సిలిండర్ చూడు. దాని మీద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటుంది. మామూలుగా పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీలో లోపలికి రానివ్వరు. రానివ్వకపోవడం ఒకటే కాదు, 200 బార్ల ఒత్తిడితో గాలి నిండిన పాత సిలిండర్‌ను చెంప దగ్గర పెట్టుకోవడం మంచిది కాదు. తేదీ అరిగిపోయి కనిపించకపోతే, బేరం ఎంత బాగున్నా వదిలెయ్. గాలి నింపడానికి చేతి పంపు చాలు, కాకపోతే కాసేపు కొట్టి ఆపాలి, వేడెక్కుతుంది. బిగింపుల దగ్గర నూనె రాయకూడదు. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపుతామని వెల్డింగ్ షాపు వాళ్లు అంటారు, ప్రాణం పోయినా ఒప్పుకోవద్దు, పేలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కారు డిక్కీలో రైఫిల్ వదలవద్దు.

బరువు గురించి ఒక మాట. పోటీలో 5.5 కిలోల దాకా ఒప్పుకుంటారు. కానీ నీ ఒంటికి ఎంత పడుతుందో అది వేరే లెక్క. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, రైఫిల్ బరువు కండ మీద కాకుండా ఎముక మీద నిలవాలి. అందుకే చెంప దగ్గరి చెక్క, భుజం దగ్గరి పట్టీ జరుపుకోవడానికి వీలున్న రైఫిల్ చూడు. కంపెనీ పేరు కంటే ఇది ముఖ్యం.

నువ్వు ప్రెస్సు కోసం ఎందుకు ఆశపడ్డావో నాకు అర్థమైంది. ప్రతి గుండూ ముందుదానిలాగే ఉండాలి, ఆ ఒక్కటే రకంగా ఉండటం నా చేతిలో ఉండాలి అనే తపన అది. మంచి షూటర్‌కు ఆ తపన ఉండాల్సిందే. దాన్ని పెల్లెట్ల మీద పెట్టు. పోటీ పెల్లెట్ తల చదునుగా ఉంటుంది, కాగితంలో అంచు చినగకుండా గుండ్రటి రంధ్రం పడుతుంది. నడుము సన్నగా ఉండి, వెనక లంగా అంచులాగా విచ్చుకుని ఉంటుంది. ఆ అంచు మెత్తటి సీసం, డబ్బా కిందపడితే నొక్కుకుపోతుంది. వేలి మీద పెట్టుకుని వెలుతురులో తిప్పి చూస్తే నొక్కు కనిపిస్తుంది. అలాంటివి పక్కన పెట్టి మామూలు ప్రాక్టీసుకు వాడుకో. తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద రాసి ఉంటుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడాకే ఒక్కో బారు ఒక్కో రకంగా మాట్లాడుతుంది. మూడు రకాల చిన్న డబ్బాలు తెచ్చుకో. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో రకంతో పదేసి కొట్టు. కాగితాలు పక్కపక్కన పెట్టు. ఏది దగ్గరగా గుంపు కడితే అది నీ రైఫిల్ పెల్లెట్. ఆ బ్యాచ్ నంబరు రాసి పెట్టుకుని, వీలైతే అదే బ్యాచ్‌లో ఎక్కువ డబ్బాలు కొను. మీ బావ మందు తూచి సాధించేదాన్ని నువ్వు ఇలా సాధిస్తావు, ఒక పోలీసుకీ భయపడకుండా. సీసం కాబట్టి నోట్లో పెట్టుకోవద్దు, ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడగనిదే రొట్టె ముట్టుకోవద్దు.

జాకెట్, ప్యాంటు, బూట్లు ఇప్పుడే కొనవద్దు. నేను నేర్చుకునేటప్పుడు ఒక షాపు వాళ్లు 'రెండు నెలల్లో ఒంటికి సర్దుకుంటుంది' అని వదులు జాకెట్ అంటగట్టారు. మూడేళ్లయినా సర్దుకోలేదు. లోపల స్వెటర్ వేసుకుని బిగించుకునేవాణ్ణి, మే నెలలో కూడా. అందుకే నా పిల్లలను మొదటి మూడు నెలలు మామూలు చొక్కాతోనే నిలబెడతాను. నడుము ఎలా తిరుగుతుందో, అడుగులు ఎంత ఎడంగా పెట్టాలో ఒంటికి తెలిశాక కొలతలు ఇచ్చి కుట్టించుకోవాలి. ఒక్క గ్లవ్ మాత్రం మొదటి నెలలోనే అవసరం.

ఇంట్లో ప్రాక్టీస్ చేయాలంటే పది మీటర్లు నేరుగా ఉండే వసారా చాలు, ఎవరూ అడ్డంగా నడిచే దారి కాకూడదు. టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. వెనక ఏం పెడుతున్నావన్నది అన్నిటికంటే ముఖ్యం. నేను కొత్తలో మా పెరట్లో బండరాయికి చెక్క ముక్క ఆనించి దాని మీద కాగితం అంటించి కొట్టేవాణ్ణి. ఒక పెల్లెట్ చెక్క అంచు దాటి రాయికి తగిలి తిరిగొచ్చింది. కంటికి రెండు వేళ్ల కింద తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అమ్మ పసుపు పెట్టి కట్టు కడుతూ వణికిపోయింది, ఆ చేతులు నేను మర్చిపోలేదు. అందుకని ఇనుప డబ్బా చేయించు, లోపల రేకు నిటారుగా కాకుండా కిందికి వాలుగా వేయించు, పెల్లెట్ దాని మీద తగిలి అడుగుకు జారాలి. కళ్లద్దాలు లేకుండా కొట్టకు. పక్కన చూసేవాళ్లకూ కళ్లద్దాలు ఇవ్వు. ఊళ్లో కుర్రాళ్లు పావురాన్నో నెమలినో కొట్టి చూపించమంటారు. నెమలి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. రైఫిల్ వాళ్ల చేతికి ఇవ్వకు.

ఇంకో మాట, నమ్మబుద్ధి కాకపోవచ్చు. నేర్చుకోవడంలో సగానికి పైగా పెల్లెట్ లేకుండానే జరుగుతుంది. పీసీపీ పోటీ రైఫిళ్లలో గాలి పోకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే వీలు ఉంటుంది. తెల్లగోడకు ఎదురుగా రోజూ అరగంట నిలబడి, ఊపిరి సగం వదిలి, ఆపి, ట్రిగ్గర్ నొక్కు. నొక్కిన క్షణంలో సైట్ ఎటు కదిలిందో చూడు, నోట్‌బుక్‌లో రాసుకో. ఖర్చు సున్నా. తూటా ధర చూసి ప్రాక్టీస్ ఆపుకున్నానని రాశావు కదా, దానికి నా జవాబు ఇదే. ఇలా ఆరు నెలలు చేశాక తెలంగాణ రైఫిల్ అసోసియేషన్ ద్వారా రాష్ట్ర పోటీకి పేరు ఇవ్వవచ్చు. అప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్ కూడా ఒకసారి చూసి రా, వరసగా టార్గెట్లు చూస్తే నీ దారి ఎంత పొడుగో తెలుస్తుంది.

నాన్న రైఫిల్‌కు మాత్రం ఏ లోటూ చేయవద్దు. నూనె గుడ్డతో తుడిచి, తాళం వేసి, లైసెన్స్ రెన్యువల్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టు.

ఏదైనా కొనే ముందు ఒక ఆదివారం మా షెడ్డుకు రా. పొద్దున ఆరున్నరకు తెరుస్తాను. మూడు రైఫిళ్లు ఉన్నాయి, మూడూ పట్టి చూడు, ఏది నీ భుజానికి కుదురుతుందో చేతికే తెలుస్తుంది. యాసంగి వేరుశనగ పని మొదలుకాక ముందే వస్తే మంచిది, తర్వాత నీకు తీరిక ఉండదు. వచ్చేటప్పుడు ఎడమ అరచేతి చుట్టుకొలత టేపుతో కొలిచి, బావకు పంపి రా. ఆయన అంత ప్రేమగా ఏదో తెస్తానంటున్నాడు కదా, ప్రెస్ బదులు ఒక మంచి షూటింగ్ గ్లవ్ తెమ్మను.